వెబ్‌సైట్లకు వాస్తు చూడబడును

వెబ్‌సైట్‌లో బటన్లు అందరికీ అందకూడదు. చేయి చాపిన ప్రతివాడికీ అందేదాన్ని బటన్ అనరు, బస్టాండులో కుళాయి అంటారు!

ఈ మాట అన్నందుకు కొందరు నా మీదికి వస్తారని తెలుసు. రానివ్వండి. తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద, రెండో అంతస్తులో నా ఆఫీసు. మెట్లు భవనానికి వెనకవైపు, జెనరేటర్ పక్కన ఉంటాయి. వాటిని కనుక్కునేసరికి ఎంతటి కోపమైనా చల్లారుతుంది. చాలామంది కిందనుంచే నాలుగు మాటలు అని వెళ్ళిపోతారు.

నా గురించి రెండు ముక్కలు. ఇళ్ళకు వాస్తు చూసేవాళ్ళు మన జిల్లాలో సందుకొకరు ఉన్నారు. వెబ్‌సైట్లకు వాస్తు చూసేది మాత్రం నేనొక్కణ్ణే. నవ్వకండి. మీరు ఇంట్లో ఎంతసేపు ఉంటున్నారు, ఫోన్‌లో ఎంతసేపు ఉంటున్నారు? నిజం చెప్పండి. పడుకునే గదికి నైరుతి కావాలంటారు, పొద్దస్తమానం తల దూర్చి ఉండే ఫోన్‌కు మాత్రం ఏ దిక్కైనా పరవాలేదంటారు. ఇదెక్కడి న్యాయం?

నా సూత్రం చాలా సులభం. గోడకు తగిలించిన మ్యాపులో పైన ఉత్తరం, కింద దక్షిణం. స్క్రీనుకూ అంతే. కుడివైపు పైమూల ఈశాన్యం. ఎడమవైపు కిందిమూల నైరుతి. సరిగ్గా మధ్యలో బ్రహ్మస్థానం. బ్రహ్మస్థానం మీద బరువు పెట్టకూడదు కాబట్టి నేను చేయించిన సైట్లన్నిటిలోనూ స్క్రీను మధ్యలో ఏమీ ఉండదు. తెల్లగా, ప్రశాంతంగా ఉంటుంది. చూసినవాళ్ళు నెట్ రాలేదనుకుని ఫోన్ ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేస్తారు. పాపం, ఆ ఫోన్‌కు కూడా కాస్త విశ్రాంతి కావాలి కదా!

ఫలితాలు చూడండి. శ్రీ సిటీ ఫ్యాక్టరీలకు కార్మికులను చేరవేసే ఒక ట్రావెల్స్ ఆయనకు సైట్ చేశాను. అందులో రెండు టాబ్‌లు. ఒకటి పగలు షిఫ్టు, ఇంకొకటి రాత్రి షిఫ్టు. ఏ టాబ్ తెరిచి ఉందో తెలిసేలా రంగులో తేడా చూపించాలని ఎవరో అన్నారు. యజమాని జాతకానికి కలిసొచ్చే రంగు ఒక్కటే ఉంటే తేడా ఎక్కడినుంచి తేను? రెండిటికీ అదే వేశాను. పగలు షిఫ్టు అమ్మాయిలు కొందరు రాత్రి బస్సులో సీటు బుక్ చేసుకున్నారు, రాత్రి షిఫ్టు అబ్బాయిలు కొందరు పగటి బస్సెక్కారు. రెండు పెళ్ళిళ్ళు జరిగాయి! ఒక శుభలేఖలో నా పేరు కూడా వేశారు.

పాకాల రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జి ఉంది. దాని సైటూ నాదే. గది కావాలంటే ఒక టాబ్, గది ఖాళీ చేయాలంటే ఒక టాబ్. ఖాళీ చేయడం అశుభం కాబట్టి ఆ రెండోదాన్ని కనిపించకుండా పెట్టాను. కాట్పాడి రైలు కోసం ఒక పూట ఉందామని దిగిన ఒకాయన ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఈ మధ్య లాడ్జి వాళ్ళు ఆయనకు రేషన్ కార్డు కూడా ఇప్పించారట.

ఇక అసలు సంగతికి వస్తాను. నా పనితనమంతా చూడాలంటే బంగారుపాళ్యం రావాలి. అక్కడ దామోదరం గారికి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. సీజన్ వచ్చిందంటే తోతాపురి కాయల ట్రాక్టర్లు హైవే దాకా బారులు తీరతాయి. ఎవరి ట్రాక్టర్ ముందు లోపలికి పోవాలన్నది గేటు దగ్గర టోకెన్ ఇచ్చే మనిషి చేతిలో ఉండేది. బావమరిది ట్రాక్టరు ముందు, బావమరిది స్నేహితుడి ట్రాక్టరు ఆ తర్వాత. గొడవలు పడలేక దామోదరం గారు ఒక నిర్ణయం తీసుకున్నారు. ఇకమీదట టోకెన్ మనుషులు ఇవ్వరు, వెబ్‌సైట్ ఇస్తుంది. అదైతే ఎవరి ముఖమూ చూడదు.

ఆ సైట్ పని నాకు అప్పగించారు. రాసేది నా దగ్గర పనిచేసే సుకుమార్. అతనికి కోడ్ వచ్చు, శాస్త్రం రాదు. ఐదు టాబ్‌లు చాలన్నాడు. కాయ రకాలు, యజమాని సందేశం, ఫొటోలు, ఫోన్ నంబర్లు, టోకెన్. ఐదా? ఇంటికి ద్వారాలు సరిసంఖ్యలో ఉండాలని తెలియని మనిషి ఈ జిల్లాలో ఉంటాడా? ఆరో టాబ్ ఒకటి పెట్టించాను. దాన్ని నొక్కితే ఏమీ జరగదు. అది లెక్క కోసం ఉన్న ద్వారం.

తర్వాత ఆరు టాబ్‌లనూ స్క్రీను చుట్టూ ఇంట్లో గదుల్లాగా సర్దాను. గుజ్జు ఉడికేది నిప్పు మీద కాబట్టి కాయ రకాలు ఆగ్నేయం. ఏమీ జరగని టాబ్ దక్షిణం. అది యముడి దిక్కు, అక్కడ ఏ పనీ జరగకపోవడమే మంచిది. దామోదరం గారి పేరుతో, ఆయన గొంతుతోనే వినిపించే యజమాని సందేశం నైరుతి. ఫొటోలు పడమర, ఫోన్ నంబర్లు వాయవ్యం. అన్నిటికంటే పవిత్రమైన ఈశాన్యంలో టోకెన్!

ఈశాన్యం తేలికగా ఉండాలి. అక్కడ చీపురు కూడా పెట్టం. అలాంటి చోట ‘టోకెన్’ అని మూడక్షరాల బరువు మోపుతామా? పేరు తీసేయించాను, మిగతా టాబ్‌ల పేర్లు కూడా అక్షరాలుగా కాక బొమ్మలుగా గీయించాను. ఈశాన్యంలో నీళ్ళుండాలి కాబట్టి చిన్న నీటిబొట్టు బొమ్మ పెట్టించాను. దామోదరం గారికి కలిసొచ్చే రంగు లేత పసుపు. తెల్లటి స్క్రీను మీద లేత పసుపు నీటిబొట్టు. ఎంత సున్నితంగా ఉందంటే, అది అక్కడుందని తెలిసిన నాకే ఒక్కోసారి కనిపించదు.

సుకుమార్ తల గోక్కున్నాడు. “సార్, మౌసు పట్టుకోనోళ్ళు గూడా సైటుకొస్తారు. కండ్లు కనపడనోళ్ళు కీబోర్డులో టాబ్ కీ నొక్కుకుంటా పోతారు. స్క్రీను మింద ఉండేది సదివి వినిపించే సాఫ్ట్‌వేరుంటాది వాళ్ళకి. బటన్‌కి పేరు పెడితేనే అది పలుకుతాది. బాణం కీలు నొక్కితే ఒక టాబ్ నుంచి ఇంకో టాబ్‌కి పోవాల. యాడుండామో, ఏది తెరుసుకోనుందో చెప్పాల.”

“అలాంటివాళ్ళు మన సైటుకు ఇప్పటిదాకా ఎవరైనా వచ్చారా?” అని అడిగాను.

“సైటింకా పెట్టలేదు గదా సార్.”

“చూశావా? ఒక్కరూ రాలేదు.”

వాదన అక్కడితో ముగిసింది. అయినా బాణం కీల సంగతి నేను వదల్లేదు. కింది బాణం అంటే దక్షిణం వైపు ప్రయాణం. దాన్ని మూసేయించాను. ఎడమ బాణం అంటే అప్రదక్షిణం. దాన్నీ మూసేయించాను. పై బాణం, కుడి బాణం మాత్రం ఎందుకులెమ్మని అవీ తీసేయించాను. మిగిలింది టాబ్ కీ. అది ఆగ్నేయంలో మొదలై, దక్షిణం, నైరుతి, పడమర, వాయవ్యం మీదుగా చక్కగా ప్రదక్షిణం చేసి చివరికి ఈశాన్యం చేరుతుంది. మధ్యలో నైరుతి ఉంది కదా, అక్కడ యజమాని ఉంటారు. ఆయన గదిలోకి వచ్చిన అతిథిని వెంటనే పంపేయడం మర్యాదేనా? అందుకని యజమాని సందేశంలోకి కీబోర్డుతో వెళ్ళినవాళ్ళు బయటికి రాకుండా ఏర్పాటు చేయించాను. మళ్ళీ టాబ్ నొక్కితే సందేశం మొదటినుంచి వస్తుంది.

ఇంకొక్క దోషం మిగిలింది. కీబోర్డుతో ఏ బటన్ మీదికి వచ్చారో తెలియడానికి దాని చుట్టూ నల్లటి గీత ఒకటి కనిపిస్తుంది. కంప్యూటర్ తనంతట తాను గీసేది. దామోదరం గారికి సైట్ చూపించినప్పుడు సరిగ్గా ఆయన పేరు చుట్టూ వచ్చి నిలిచింది ఆ గీత. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

“ఏమప్పా, నేను బతికే ఉండాను గదా?” అన్నారు నెమ్మదిగా.

ఆయన తప్పేం లేదు. మన ఊళ్ళల్లో పేరు చుట్టూ నల్లగీత ఉంటే అది శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. రాత్రికి రాత్రే సర్కిల్లో కట్టేస్తారు. ఆ గీతను సైట్ మొత్తంలో ఎక్కడా కనిపించకుండా పీకించేశాను. అంతటితో దామోదరం గారి ఆయుష్షుకు ఢోకా లేకుండా పోయింది.

సైట్ మొదలైంది. సీజనూ మొదలైంది. కళ్ళున్న రైతులు కనిపించినవన్నీ నొక్కుతూ పోయి ఎలాగో నీటిబొట్టు దాకా చేరుకున్నారు. గేటు దగ్గర గొడవలు తగ్గాయి. దామోదరం గారు నాకు సన్మానం ఏర్పాటు చేశారు.

సన్మానానికి ముందు రోజుల్లో నాకొక ఫోన్ వచ్చింది. ఫ్యాక్టరీ ఆఫీసులో నా నంబరు ఇచ్చారట. మాట్లాడింది లోకేశ్వరి. బంగారుపాళ్యం పక్క పల్లె. డిగ్రీ చదువుతుండగా జబ్బు చేసి చూపు పోయింది. తోట ఆమెది, ట్రాక్టరు ఆమె నాయన తిరుమలయ్యది. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ల్యాప్‌టాప్ మీద ఊళ్ళోవాళ్ళందరి పనులూ ఆమే చేసిపెడుతుందట. కరెంటు బిల్లులు, హాల్ టికెట్లు, రైలు రిజర్వేషన్లు, ఏవైనా సరే. నా సైట్ దగ్గరే ఆగిపోయింది. చూశారా నా పట్టు!

“సామీ, మీ సైటు నాకు ‘బటన్’ అని తప్ప ఇంకో మాట చెప్పలేదు. మళ్ళా నొక్కితే మళ్ళా ‘బటన్’ అంటాది. ఏం బటనో దానికే తెలీదు. కాయ కోసేసినాము. ట్రాక్టర్లో ఉండాది. నాకు టోకెన్ కావాల” అంది.

తోతాపురి కాయ సంగతి తెలియనివాళ్ళకు చెబుతాను. చెట్టు మీద ఉన్నంతసేపు అది రైతు మాట వింటుంది. కోసి ట్రాక్టర్లో పోశాక ఎండ మాటే వింటుంది. మెత్తబడితే ఫ్యాక్టరీ తీసుకోదు. ఏడాదంతా నీళ్ళు కట్టి, మందు కొట్టి, కోతులను తోలి కాపాడిన పంట తేలేది ఆ నాలుగు రోజుల్లోనే. ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఆమెను అడగవలసిన ప్రశ్న అడిగాను.

“మీ ల్యాప్‌టాప్ ఏ దిక్కుకు పెట్టారమ్మా?”

 “పడమరకి” అంది.

“అదే మరి. ఉత్తరానికి తిప్పండి” అన్నాను.

తిప్పారు. ఉత్తరం గోడకు ప్లగ్గు లేదు. వైరు అందలేదు. తిరుమలయ్య పక్కింటినుంచి పొడుగు వైరు తెచ్చాడు. బల్ల జరిపితే కాలు విరిగింది. రెండు మామిడికాయల బుట్టలు బోర్లించి వాటి మీద ల్యాప్‌టాప్ పెట్టారు. మళ్ళీ ఫోన్ చేసింది.

“ఉత్తరం తిరిగినాము సామీ. ఈడ గూడా బటనే. రెండు బటన్లు దాటినాక ఎవరో ఆయప్ప ‘ప్రియమైన రైతు సోదరులారా’ అని మొదులు పెట్టినాడు. ఎంత నొక్కినా ఇడిసిపెట్టలేదు. నేను బయటికొచ్చేదెట్ల?”

“బయటికి ఎందుకమ్మా రావడం? పూర్తిగా వినండి. మంచి సందేశం” అన్నాను.

అందని టాబ్ వల్ల కలిగే మేలు ఇక్కడే తెలుస్తుంది. ఆ రోజు వరకు తండ్రి తోటలో, కూతురు ఇంట్లో. ఎవరి పని వాళ్ళది. నా సైట్ పుణ్యాన ఇద్దరూ ఒకే బుట్ట ముందు కూర్చున్నారు! ఆయనకు కళ్ళున్నాయి, కంప్యూటర్ తెలియదు. ఆమెకు కంప్యూటర్ తెలుసు, కళ్ళు లేవు. ఇంతకంటే కుటుంబ ఐక్యత ఇంకేం కావాలి? వాళ్ళు మాట్లాడుకున్నది తర్వాత ఆమే నాతో చెప్పింది.

“టోకెన్ అని యాడన్నా రాసుండాదా నాయనా?”

“లేదు పాపా. అంతా తెల్లంగా ఉండాది. పైన మూలకి నీళ్ళ సుక్క మాదిరి ఏందో ఉండాది.”

“నీళ్ళ సుక్కంటే డ్రిప్పు పైపుల కంపెనీ ప్రకటనయ్యుంటాది. దాన్ని ముట్టుకోవద్దు. మళ్ళా వాళ్ళు పైపులేసేదానికొచ్చేస్తారు.”

ఎంత జాగ్రత్తపరులో చూడండి. ఉన్న ఒక్క తలుపునూ వాళ్ళంతట వాళ్ళే వదిలేశారు.

ఊళ్ళో ఇంకొకరిని అడగొచ్చు కదా అంటారేమో. అడిగారు. సీజన్లో ఎవరి చేతులు ఖాళీగా ఉంటాయి? పక్కతోట గోవిందు తన లోడు దించి వచ్చి, ఫోన్లో అటూ ఇటూ నొక్కి నీటిబొట్టును పట్టుకునేసరికి మర్నాడు సాయంత్రమైంది. ఆ రోజు టోకెన్లు అయిపోయాయని వచ్చింది. ఆ తర్వాతి రోజువీ అయిపోయాయి. అప్పటికి ట్రాక్టర్ పక్కనుంచి పోతే తియ్యటి వాసన వస్తోందట. మామిడి రైతుకు ఆ వాసన ఎంత భయమో మీకూ నాకూ తెలియదు.

సన్మానం రోజు వచ్చింది. ఫ్యాక్టరీ ఆవరణలో షామియానా వేశారు. నాకు శాలువా కప్పారు, సంపెంగ దండ వేశారు. ‘స్క్రీన్ వాస్తు శిరోమణి’ అన్న బిరుదు నేను ముందే రాసి పంపాను, అక్షరం పొల్లు పోకుండా చదివారు. నేను మాట్లాడటానికి లేచాను. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ట్రాక్టర్ ఆగింది. తిరుమలయ్య దిగాడు. ఆయన భుజం పట్టుకుని, సంచిలో ల్యాప్‌టాప్‌తో లోకేశ్వరి దిగింది.

టోకెన్ లేకుండా వదలనన్నాడు వాచ్‌మన్. అతని తప్పు లేదు. మనుషులు ఎవరినీ వదలకూడదన్నదే కదా మా పద్ధతి.

“ట్రాక్టర్ని వదలొద్దులే అన్నా. నన్ను వదులు. ఆ సైటు సేసినాయనతో మాట్లాడాల” అంది.

ఆమె నేరుగా షామియానా కిందికి వచ్చి, ఖాళీ కుర్చీ చేత్తో తడిమి చూసుకుని కూర్చుంది. ల్యాప్‌టాప్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. కోపం లేదు, ఏడుపు లేదు. అందుకే నాకు కొంచెం భయమేసింది.

“సామీ, నేను ఉత్తరానికి తిరిగినాను. బల్ల ఇరగ్గొట్టుకున్నాను. సోదరులారా అంటే సోదరి అయినా ఊరికే కూసోని విన్నాను. ఇప్పుడు మీరొచ్చి ఈ కీబోర్డుతో నాకొక టోకెన్ తీసియ్యండి. మౌసు ముట్టుకోవద్దు” అంది.

ఇంతేనా! నేను చేసిన సైట్. శాలువా సర్దుకుని టాబ్ కీ నొక్కాను. “బటన్” అంది ల్యాప్‌టాప్. మళ్ళీ నొక్కాను. “బటన్.” మళ్ళీ నొక్కాను. “ప్రియమైన రైతు సోదరులారా” అని దామోదరం గారి గొంతు షామియానా అంతా మోగింది. దామోదరం గారు వేదిక మీద సంతోషంగా తల ఊపారు. బయటికి రావాలని ఇంకొకసారి నొక్కాను. “ప్రియమైన రైతు సోదరులారా.” ఇంకొకసారి. “ప్రియమైన రైతు సోదరులారా.” దామోదరం గారు తల ఊపడం మానేశారు. నేను ఉన్న కీలన్నీ నొక్కాను. లేని కీల కోసం కూడా వెతికాను. చివరికి ల్యాప్‌టాప్ మూసేశాను. మూసినా లోపలినుంచి “సోదరులారా” వినిపిస్తూనే ఉంది. సుకుమార్ వచ్చి ఏదో చేస్తే ఆగింది.

“తీసినారా?” అని అడిగింది లోకేశ్వరి.

ఈలోగా ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ గేటు దగ్గరికి వెళ్ళి ట్రాక్టర్‌లో కాయలు చూసి వచ్చాడు. పైన పరిచిన ఆకులు తీసి చేయి పెడితే వేళ్ళు దిగాయన్నాడు. తీసుకోవడం కుదరదు, టోకెన్ ఉన్నా లేకున్నా కుదరదు. తిరుమలయ్య అక్కడే ట్రాక్టర్ చక్రానికి ఆనుకుని నిలబడ్డాడు. 

దామోదరం గారు చెడ్డ మనిషి కాదు. ఆయనకు బాధ కలిగింది. “నా సేతిలో ఏముండాది తల్లీ, కాయ ఆగలేదు. సైటు సంగతి అంటావా, వచ్చే సీజన్‌కి సూద్దాం” అన్నారు.

“ఈ లోడు పోయింది సార్. నేను దాని గురించి రాలేదు. ఎల్లుండి రెండో కోత ఉండాది. వచ్చే సీజన్ అంటే అది గూడా పోతాది. బటన్లకి పేర్లు పెట్టండి, బాణాలు పనిసెయ్యనీండి, ఆయప్ప కాడ నుంచి బయటికి రానీండి. అంతే అడిగేది” అంది.

“అరగంట పని సార్” అన్నాడు సుకుమార్ మెల్లగా.

దామోదరం గారు నా వైపు చూశారు. నేను శాస్త్రం చెప్పాను. పేరు పెడితే ఈశాన్యం బరువెక్కుతుంది. గీత గీస్తే ఆయుష్షుకు గండం. బాణం తెరిస్తే యముడు. ఆయన చేతులు జోడించి, “నీకోసం నేను ప్రాణం మీదికి తెచ్చుకోలేను గదమ్మా” అన్నారు. చుట్టూ ఉన్న పెద్దలంతా అది నిజమేనన్నారు.

 లోకేశ్వరి దామోదరం గారి గొంతు వచ్చిన వైపు తిరిగింది.

“ఒక సంగతి అడుగుతాను సార్. ఈశాన్యంలో వాకిలి పెట్టి, ఆ వాకిట్లోకి మనిషి పోనీకుండా కట్టేస్తే ఏమంటారు? ఈశాన్యం మూసినట్టు గాదా?”

షామియానా కింద పెద్దలంతా కుర్చీల్లో ముందుకు జరిగారు.

ఈశాన్యం మూత! ఇళ్ళు కట్టినవాళ్ళకు ఈ మాట విలువ తెలుసు. దీనికి భయపడి మనవాళ్ళు మేడలు కూలగొట్టారు, మరుగుదొడ్లు మార్చారు, అన్నదమ్ములు పంచుకున్న గోడను మళ్ళీ పంచుకున్నారు. దామోదరం గారి ముఖంలో రంగు పోయింది. ఇది ఆయన టోకెన్ సైట్, ఆయన వ్యాపారం. సీజన్ మొదలైనప్పటినుంచి ఈశాన్యం మూసి పెట్టుకుని కూర్చున్నారు.

“ఏమప్పా, నిజమేనా?” అని నన్ను అడిగారు.

మెడలో దండ, భుజాన శాలువా. శాస్త్రం అబద్ధమాడనివ్వదు కదా. “నిజమే” అన్నాను.

ఆ తర్వాత జరిగినది చూసి తీరాలి. దామోదరం గారు వేదిక దిగి వచ్చారు. సుకుమార్‌కు ఫ్యాన్ వేయించారు, టీ తెప్పించారు, కుర్చీ కింద వైరు పోతుంటే తనే పట్టుకున్నారు. ఖర్చెంతైనా పరవాలేదన్నారు. తన పేరు చుట్టూ గీత వస్తుందంటే, “రానీ. నల్లది వద్దు, పచ్చది పెట్టు” అన్నారు. నైరుతిలో వచ్చినవాళ్ళు బయటికి పోతారంటే, “పోనీ పాపం, ఎంతసేపు ఇంటారు” అన్నారు. ఏమీ జరగని ఆరో టాబ్‌లో ఫ్యాక్టరీకి వచ్చే దారి రాయించారు. నీటిబొట్టు కింద ముదురు అక్షరాలతో ‘టోకెన్’ అని పెట్టించారు. సుకుమార్ చెప్పినట్టే అరగంట పట్టింది. టీ తాగడం కూడా అందులోనే.

లోకేశ్వరి ల్యాప్‌టాప్ తెరిచింది. టాబ్ కీ ఒకసారి నొక్కింది. “కాయ రకాలు. ఆరు టాబ్‌లలో ఒకటోది” అని పలికింది. బాణం నొక్కుతూ వెళ్ళింది. ఏ గదిలో ఉందో, ఏది తెరిచి ఉందో అదే చెబుతూ వచ్చింది. యజమాని సందేశం దగ్గర ఆమె వేలు ఒక క్షణం తటపటాయించింది. ఈసారి సైట్ దాటనిచ్చింది. “టోకెన్. ఆరు టాబ్‌లలో ఆరోది” అంది చివరికి.

అందరూ చప్పట్లు కొట్టారు. దామోదరం గారు ఆకాశం వైపు చూసి దండం పెట్టుకున్నారు. ఆమె ఎల్లుండి లోడుకు టోకెన్ తీసుకుంది. ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంది. అప్పుడు నన్ను అడిగింది.

“ఇంతేనా సామీ?”

“ఇంతేనమ్మా” అన్నాను.

“ఈ ఒక్క మాట పలికించేదానికి ఈశాన్యానికి కష్టమొచ్చిందని చెప్పాల్సొచ్చిందే. నాకు అందలేదంటే సాలలేదా?”

పాఠకులారా, అందని బటన్ల మహిమ గురించి నేను ఎంతసేపైనా మాట్లాడగలను. ఇళ్ళకూ, కొట్లకూ, ఫ్యాక్టరీలకూ, ఫోన్లకూ దోషాలు చెప్పగలను. ఈ ఒక్క దోషం మాత్రం ఆమె అడిగితే గానీ నాకు కనిపించలేదు. పని కష్టమని ఎవరూ ఆపలేదు. డబ్బు లేదనీ ఆపలేదు. అడిగింది మనిషి కాబట్టి వచ్చే సీజన్‌కు చూద్దామన్నాం. అడిగింది మూల అయ్యేసరికి అందరం లేచి నిలబడ్డాం. నాకు చాలా సిగ్గేసింది, శాలువా తీసి మడిచి చేత్తో పట్టుకున్నాను.

నా కారు గేటు దాటేసరికి రోడ్డు పక్కన తిరుమలయ్య ట్రాక్టర్ వెనక తలుపు తీసి పారతో కాయలు కిందికి లాగేస్తున్నాడు. ఈగలు ముసురుతున్నాయి. లోకేశ్వరి ఒక చేత్తో ట్రాక్టర్ పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. కాయలు దొర్లి రోడ్డంతా పరుచుకున్నాయి, ముందుకు పోవడానికి దారి లేదు. డ్రైవర్ హారన్ కొట్టాడు. తిరుమలయ్య పార పక్కన పెట్టి, వంగి, చేతులతో కాయలు జరిపి నా కారుకు దారి ఇచ్చాడు.